కార్డు చెల్లని చోటు

కర్నూలు, కడప ప్రాంతాల పేద ముస్లిం ఇళ్ళలో ఆరోగ్యశ్రీ కార్డుకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. నికాహ్‌నామాతోనూ ఇంటి పట్టాతోనూ కలిపి దానిని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇనుప పెట్టెలో దాచుకుంటారు. ఆ గౌరవానికి అది తగినదే. కడప గడ్డపై పుట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆ పథకం తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. ప్రభుత్వాలు మారాయి, పథకం పేరు మారింది. నేడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. అయినా ప్రజల నోట అది ఆరోగ్యశ్రీయే. మూడు వేలకు పైగా చికిత్సలు దాని పరిధిలోకి వచ్చాయి. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి వర్తించే పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. గుండె ఆపరేషన్ కోసం ఉన్న రెండెకరాలూ అమ్ముకోవలసిన మనుషులు, చేను చేనుగానే ఉండగా ఇంటికి తిరిగి రావడం మేము కళ్ళారా చూశాము. అల్‌హమ్దులిల్లాహ్. మేలు చేసిన మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞుడు కాలేడని మన ధర్మం నేర్పుతోంది.

ఈ మాట ముందుగా చెప్పి, ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. కొన్నాళ్ళ క్రితం మా మదరసాలో చదివే ఒక పిల్లవాని తల్లి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. “హజ్రత్, ఈ కార్డు మెడికల్ షాపులో చెల్లదంట. గుండె ఆపరేషన్ జన్మకొకసారి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. జ్వరం బిళ్ళ నెల నెలా కావాలె కదా?”

ఆమె మాటలో తప్పు లేదు. ఈ పథకం ఆసుపత్రి మంచాన్ని ఆధారం చేసుకొని నిర్మించబడింది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరాలి, జాబితాలో ఉన్న చికిత్స కావాలి, దానికి అనుమతి రావాలి. డిశ్చార్జి తరువాత పది రోజులకు సరిపడే మందులు ఇస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకంలో ఆ గడువు పదిహేను రోజులు. అంటే ఈ పథకాలలో మందుల ఖర్చు మంచంతో ముడిపడి ఉంది. ఏ మంచమూ ఎక్కకుండా, నిలబడి పని చేసుకుంటూనే జబ్బు పడేవాని ఖర్చు ఆ లెక్కలోకి రాదు.

మన ప్రాంతంలో అలా నిలబడి జబ్బు పడేవారే ఎక్కువ. బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ పని చేసేవానికి దుమ్ము వలన దగ్గు వదలదు. ఎర్రగుంట్ల వైపు కడప బండలు కోసేవాని నడుము సాయంత్రానికి పట్టుకుపోతుంది. ఆదోని, కోసిగి ప్రాంతాల నుండి మిరపకాయలు కోయడానికి గుంటూరుకు వలసపోయే స్త్రీలకు ఘాటుతో కళ్ళు మండుతాయి, చేతులు మండుతాయి. ఏప్రిల్, మే నెలల ఎండలో పిల్లలకు వాంతులు, విరేచనాలు. వీటిలో ఏదీ ఆసుపత్రిలో చేర్చుకునే జబ్బు కాదు. జ్వరం బిళ్ళ, నొప్పి బిళ్ళ, దగ్గు టానిక్, గ్యాస్ మాత్ర, ఓఆర్ఎస్ పొట్లం, పూత మందు — ఇవన్నీ చిల్లర ఖర్చులు. జ్వరం బిళ్ళ ధర నేటికీ రూపాయి అటూ ఇటూ. కానీ ఇంట్లో ఐదుగురు ఉండి, నెలకు ఇద్దరు ముగ్గురు పడుకుంటే, ఆ చిల్లరే బియ్యం డబ్బులో నుండి తీయవలసి వస్తుంది.

దేశమంతటి లెక్కలోనూ ఇదే కనిపిస్తుంది. 2013-14లో మొత్తం ఆరోగ్య వ్యయంలో 64.2 శాతం ప్రజలు తమ జేబు నుండి పెట్టుకున్నారని జాతీయ ఆరోగ్య లెక్కలు చెప్పాయి. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం సంతోషమే. అయినా వంద రూపాయలలో దాదాపు నలభై ఇంకా జేబు నుండే పోతున్నాయి.

పేదవాడు ఈ ఖర్చును ఎలా తట్టుకుంటాడు? సగం కొని తట్టుకుంటాడు. పది మాత్రలు రాస్తే నాలుగు కత్తిరించి ఇమ్మంటాడు. తన వంతు మానుకొని పిల్లవానికి కొంటాడు. రక్తపోటు మాత్ర చీటీ మీద వచ్చేదే అయినా, ఆ చీటీ పాతబడిపోయేదాకా దానిని మాత్రం చూపి రోజు విడిచి రోజు వేసుకుంటాడు. పక్షవాతం వచ్చి మంచం పట్టిన నాడు కార్డు పనిచేయడం మొదలవుతుంది. రోజుకు కొద్ది రూపాయల మాత్ర అందని మనిషికి లక్షల రూపాయల వైద్యం అందుతుంది. ఆ లక్షలు ప్రభుత్వమే భరించినా, పడిపోయిన చేయి మళ్ళీ పాలిష్ యంత్రాన్ని పట్టలేదు.

అయితే ప్రతి జ్వరం బిళ్ళకూ బీమా ఎందుకు ఇవ్వకూడదు అని అడిగేవారు ఉన్నారు. న్యాయంగా ఆలోచిద్దాం. బీమాలో ప్రతి ఖర్చుకూ దరఖాస్తు, పరిశీలన, చెల్లింపు ఉంటాయి. ఇరవై రూపాయల మందుకు ఆ తతంగం నడిపితే మందు ఖరీదుకన్నా కాగితం ఖరీదు ఎక్కువవుతుంది. సంపన్న దేశాలు కూడా ఇక్కడ గీత గీశాయి. 1883లోనే కార్మికులకు ఆరోగ్య బీమా చట్టం చేసిన జర్మనీ, చీటీ అవసరం లేని మందులను 2004 నుండి సాధారణంగా తన బీమా నుండి తొలగించింది. కానీ పన్నెండేళ్ళలోపు పిల్లలకు మినహాయింపు ఉంచింది. ఇంగ్లండులో 2018లో ఆరోగ్య సేవా సంస్థ 35 చిన్న రుగ్మతలకు డాక్టర్లు మామూలుగా మందులు రాయనవసరం లేదని, ప్రజలే కొనుక్కోవచ్చని సూచించింది. దీర్ఘరోగులను దృష్టిలో ఉంచుకొని అక్కడా మినహాయింపులు పెట్టారు. గీత ఎక్కడ గీసినా పిల్లవాడు, దీర్ఘరోగి ఆ గీతకు బయట పడిపోకుండా చూసుకున్నారన్నది మనం గమనించవలసిన విషయం.

మన దేశంలో ఆ పని బీమాకన్నా ఉచిత మందుల పంపిణీ ద్వారా జరగవలసి ఉంది, కొంతవరకు జరుగుతోంది కూడా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో నూట డెబ్బైకి పైగా రకాల మందులు, గ్రామ ఉప కేంద్రాలలో నూరు రకాలకు పైగా మందులు ఉచితంగా ఉంచాలన్నది ప్రభుత్వ నియమం. ఆశా కార్యకర్త సంచిలో జ్వరం బిళ్ళ, ఓఆర్ఎస్, ఐరన్ మాత్రలు ఉంటాయి. 104 బండి ఊరికి వచ్చి బీపీ, షుగర్ పరీక్ష చేసి మాత్రలు ఇస్తుంది. జన ఔషధి కేంద్రాలలో అవే మందులు కంపెనీ పేరు లేకుండా 50 నుండి 80 శాతం తక్కువ ధరకు దొరుకుతాయని ప్రభుత్వం చెబుతోంది. పేరు లేని మందు పనిచేయదన్న అపోహ మన ఇళ్ళలో బలంగా ఉంది. మందులో పనిచేసేది దాని మూల పదార్థం, డబ్బా మీది రంగు కాదు.

ఒక అనుభవం చెబుతాము. మదరసాలో కలిసి పడుకునే పిల్లలకు గజ్జి రావడం సర్వసాధారణం. ఒక్కనికి పూసి ఊరుకుంటే పోదు. ఒకే రాత్రి అందరికీ మెడ నుండి అరికాళ్ళ దాకా మందు పూసి, మర్నాడు దుప్పట్లన్నీ వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. నలభై మంది పిల్లలకు షాపులో కొంటే ఎంత అవుతుందో లెక్క వేసుకొని మేము బెంగపడ్డాము. పిల్లల తల్లిదండ్రులు సగం మంది వలసలో ఉన్నారు. ఎవరినని అడుగుతాము? పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి డాక్టరమ్మకు విషయం చెప్పాము. ఆమె స్వయంగా వచ్చి పిల్లలను చూసి, అందరికీ పూత మందు ఇప్పించి, వారం తరువాత మళ్ళీ పూయాలని నర్సుతో చెప్పించింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఆ కేంద్రం మా వీధికి పది నిమిషాల నడక. అయినా అక్కడ గజ్జి మందు ఉచితంగా దొరుకుతుందని మా వీధిలో చాలామందికి అప్పటిదాకా తెలియదు.

మరొక జాగ్రత్త చెప్పక తప్పదు. చీటీ లేకుండా దొరికినంత మాత్రాన ఏ మందూ ఆట వస్తువు కాదు. వేయి మందికి మించని జనాభా గల పల్లెలలో జ్వరం బిళ్ళ, దగ్గు మాత్ర, గ్రైప్ వాటర్, అమృతాంజనం వంటి పూత మందులు మొదలైన కొన్ని గృహ ఔషధాలను లైసెన్సు లేకుండా అమ్మడానికి మన ఔషధ నిబంధనలు అనుమతిస్తాయి. ఆ జాబితా చిన్నది. యాంటీబయోటిక్ అందులో లేదు. 2014 మార్చి నుండి అమలులో ఉన్న హెచ్1 జాబితాలోని యాంటీబయోటిక్‌లను డాక్టరు చీటీ మీదనే అమ్మి, కొన్నవారి వివరాలు పుస్తకంలో రాయాలి. మనమేమో “పోయినసారి ఇచ్చిన ఎర్ర గొట్టమే ఇవ్వండి” అని అడుగుతాము. నొప్పి బిళ్ళలు నెలల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అప్పుడు డయాలసిస్‌కు కార్డు చెల్లుతుంది, కాని అది ఎవరు కోరుకునే లాభం? వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించారు. ఈ హెచ్చరిక ఊరి ఆర్‌ఎంపీకీ, మందుల షాపులో కూర్చున్న కుర్రవానికీ, పిల్లలకు మాత్రలు ఇచ్చే మా వంటి ఉపాధ్యాయులకూ వర్తిస్తుంది.

ఇక మన బాధ్యత మాట. 1284లో కైరో నగరంలో సుల్తాన్ ఖలావూన్ ఒక గొప్ప ఆసుపత్రి కట్టించి దానికి ఆస్తులు వక్ఫ్ చేశాడు. ధనికుడు, పేద, స్త్రీ, పురుషుడు అన్న భేదం లేకుండా అక్కడ చికిత్స జరిగేది. ఆసుపత్రికి రాలేక ఇంట్లోనే ఉండి బాధపడే నిరుపేదలకు కూడా ఆ వక్ఫ్ నుండే మందులు, పానీయాలు పంపేవారు. మంచం మీద లేనివాని మందు ఖర్చును ఏడు వందల ఏళ్ళ క్రితమే మన పెద్దలు లెక్కలోకి తీసుకున్నారు. వారి వారసులమని చెప్పుకునే మనం మస్జిద్ మీనార్‌కు రంగులు వేయించడానికి చందాలు పోగుచేస్తాము. పక్క సందులో పిల్లవానికి టానిక్ లేదని తెలుసుకునే మార్గం మాత్రం ఏర్పరచుకోలేదు.

మొదటగా, ప్రతి మస్జిద్ నోటీసు బోర్డు మీద నాలుగు సంగతులు రాసి పెట్టవచ్చు: దగ్గరి ఆరోగ్య కేంద్రం ఎక్కడ, ఏ వేళలో తెరుస్తారు, 104 బండి ఏ రోజు వస్తుంది, జన ఔషధి షాపు ఎక్కడ ఉంది. దీనికి ఖర్చు లేదు. జుమా నాడు ఇమామ్ రెండు నిమిషాలు చెబితే చాలు.

రెండవది, జకాత్. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ చెల్లాలంటే దానిని అర్హుడైన పేద ముస్లిం సొంతం చేయాలి. కనుక జకాత్ డబ్బుతో మందు కొని, అర్హుడైన రోగి చేతికి అతని సొంతంగా ఇస్తే జకాత్ చెల్లుతుంది. ఆ డబ్బుతో మందుల గదికి అద్దె కట్టడం, పనివానికి జీతం ఇవ్వడం చెల్లదు. వాటికి ఐచ్ఛిక సదఖా వాడాలి. సదఖా సొమ్ముతో కొన్న మందును హిందూ పొరుగువానికీ, సయ్యద్ కుటుంబానికీ నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. ఈ రెండు లెక్కలూ వేరువేరు పుస్తకాలలో రాసుకోవాలి. దీర్ఘరోగుల నెల మాత్రలకే ముందు చోటు ఇవ్వాలి, అదీ డాక్టరు చీటీ చూసే ఇవ్వాలి.

మూడవది, జన ఔషధి కేంద్రానికి కావలసిన కనీస స్థలం 120 చదరపు అడుగులు. ఫార్మసీ చదివిన యువకుడే కాక, అటువంటి వానిని నియమించుకుని ట్రస్టులు, సంఘాలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. మన మస్జిద్‌ల క్రింద అద్దెకున్న అంగళ్ళలో ఒక్కటి దీనికి కేటాయించడం ముతవల్లులకు భారమైన పని కాదు. మన పిల్లలలో బీఫార్మసీ చదివి ఉద్యోగం కోసం హైదరాబాదు, బెంగళూరు తిరుగుతున్నవారు కొందరైనా ఉన్నారు.

ప్రభుత్వాన్ని అడగవలసినదీ ఉంది. ఆరోగ్య కేంద్రంలో ఏ మందు ఉన్నది, ఏది అయిపోయినది గోడ మీద కనబడేలా రాయాలి. అయిపోయిన నాడు పేదవాడు బయట కొననవసరం లేకుండా చూడాలి. పిల్లలకూ దీర్ఘరోగులకూ మందు ఆగకుండా అందాలి. ఈ మూడింటినీ ప్రజాప్రతినిధుల ముందు మర్యాదగా, పదే పదే చెప్పాలి. ఇది యాచన కాదు, హక్కు.

ప్రాణ రక్షణ షరీఅత్ ఉద్దేశాలలో ఒకటి. అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! చిన్న మందుకు నోచుకోక పెద్ద జబ్బు పాలయ్యే స్థితి నుండి మన ఇళ్ళను, మన పొరుగు ఇళ్ళను కాపాడుగాక! ఆమీన్.