ముగ్గురి జట్టు

పోకెమాన్ గో గ్రేట్ లీగ్‌లో జట్టంటే మూడే పోకెమాన్‌లు. ఏదీ 1500 సీపీ దాటొద్దు. మొన్న ఈద్‌కు గద్వాల మా ఇంట్ల పిల్లల ముకాబలా. మావాడు చారిజార్డ్‌కు తోడు ఇంకో రెండు నిప్పువాటినే పెట్టిండు. నాగర్‌కర్నూల్ ఆపా కొడుకు ఒక్క నీటి పోకెమాన్‌ను దింపిండు. మూడూ ఖతం!

"తాఖత్ కాదు భయ్యా, కమ్‌జోరీ చూస్కోవాలె," అన్నది వనపర్తి భాయిజాన్ బిడ్డ. నిప్పుకు నీళ్ళంటే భయం. నీళ్ళను ఆకు గెలుస్తది, ఆకును నిప్పు కాలుస్తది. ఒకరి కమ్‌జోరీని ఇంకొకరు కాసేటట్టు పేర్చాలట. అలసినదాన్ని వెనక్కి పిలిస్తే ఓడినట్టు కాదట.

అవతల వంటింట్ల పెద్దల బహస్: అమ్మీని ఎవరు చూస్కోవాలె? భాయిజాన్‌కు పైసలున్నయి, వక్త్ లేదు. ఆపాకు సబర్ ఉంది, మోకాళ్ళు సహకరించవు. నాకు జుమా ఒక్కరోజే ఛుట్టీ. ఎవరికి వారం "నాతోని కాదు" అంటున్నం. నిజమే, ఒక్కరితోని అయ్యేది కాదు.

బిడ్డ మాటే వాళ్ళకు చెప్పిన. అమ్మీ ఆపా దగ్గర ఉంటది. దవాఖానా, పనిమనిషి ఖర్చు భాయిజాన్‌ది. జుమా జుమాకు నేను నాగర్‌కర్నూల్ పోత, ఆ దినం ఆపాకు ఆరాం.