సిగ్నల్ దగ్గర వణికే బండి

పోయిన నెల మన గుంపులో ఒకరు అడిగినారు, "పాత స్పోర్ట్స్ కారు కొనాలని మా అబ్బాయి పట్టు పట్టినాడు, కొనవచ్చునా?" అని. రెండు మాటల్లో తేలే సంగతి కాదు కాబట్టి అప్పుడు ఊరుకొన్నాము. మా ఇంట్లోనూ అట్లాంటి బండి ఒకటి ఉన్నది. దానితో మేము పడిన పాట్లు, అందులో తెలుసుకొన్నవి ఇక్కడ రాస్తున్నాము. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకొన్నవి. అక్షర దోషాలు ఉంటే దిద్దుకొని చదవండి.

బండి మా తమ్ముని కొడుకుది. పదకొండేళ్ల నాటిది, రెండు తలుపులు, 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఆరేళ్ల జీతంలో మిగిల్చిన డబ్బు పెట్టి కొన్నాడు. కొన్న మూడో వారమే జబ్బు బయటపడింది. రోడ్డు మీద పోతున్నంతసేపు బాణం లాగ పోతుంది. సింగానల్లూరు సిగ్నల్ దగ్గర నిలిచిందంటే సీటు వణుకుతుంది, స్టీరింగ్ వణుకుతుంది, ఆర్‌పీఎం ముల్లు 600కు దిగి 1000కి ఎగురుతుంది. ముందర ఇంజను బొమ్మ లైటు వెలిగింది.

గరాజులో చూపిస్తే నాలుగు ఇంజెక్టర్లు, నాలుగు కాయిళ్లు, లోపల కార్బన్ శుభ్రం, కూలి అన్నీ కలిపి 1,80,000 రూపాయలు అని కాగితం ఇచ్చినారు. అమ్మిన బ్రోకరు మూడు లక్షలు తగ్గించి తానే వెనక్కి తీసుకొంటానన్నాడు. తై నెలలో మా తమ్ముని కూతురి పెళ్లి. మా తమ్ముడు ఒకటే మాట, "ఇచ్చేసెయ్, పోయింది పోనీ." కొడుకు ఒకటే మాట, "ఇవ్వను." తరువాత వారం రోజులు ఇద్దరికీ మాటలు లేవు. మధ్యలో మేము, మా మరదలు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తమిళంలో అవసరం అంటే తొందర, తెలుగులో అవసరం అంటే కావలసినది. మన ఇళ్లల్లో రెండు అర్థాలూ కలిసే తిరుగుతాయి. ఆ కాగితం చూసి "ఇవన్నీ అవసరమా?" అని మేము అడిగితే, తమ్ముడు "అవసరమే, పెళ్లి దగ్గర పడింది కదా" అన్నాడు. మేము అడిగింది తెలుగు అవసరం, ఆయన చెప్పింది తమిళ అవసరం. ఈ రెండింటినీ విడదీయడమే మా మొదటి పని అయింది.

మేము ఉద్యోగం చేసింది కాగితాల మీద. రైలు ఆలస్యమైతే రిజిస్టరులో ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, ఎందుకు అని రాయాలి. ఎందుకు అనే గడి ఎప్పుడూ చివర నింపాలి అని మా పెద్ద గుమాస్తా చెప్పేవారు. ముందే నింపితే మిగతా గడులు దానికి తగినట్టు మారిపోతాయి. అదే లెక్కన ఒక నోటుబుక్కు తెచ్చి గీతలు గీసి ఇచ్చినాము. టైము, ఇంజను చల్లగానా వేడిగానా, ఏసీ ఉన్నదా, ముల్లు ఎంత, శబ్దం ఏమిటి. ఎందుకు అనే గడి ఖాళీ. ఏడు రోజులు మా అబ్బాయి రాసినాడు.

ఐడ్లింగ్ అంటే ఏమిటో తెలియని వాళ్లకు కొంచెం చెబుతాము. బండి నిలిచి, కాలు యాక్సిలరేటరు మీద లేనప్పుడు ఇంజను తన ప్రాణం నిలుపుకొనేంత మాత్రం తిరుగుతుంది. మా బండికి అది 750. నాలుగు సిలిండర్లలో ప్రతి ఒక్కటీ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది కాబట్టి నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు మంట. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్లు గాలి, తూకం ప్రకారం. వేగంగా పోయేటప్పుడు కొంచెం లెక్క తప్పినా తెలియదు. ఐడ్లింగులో గాలి, పెట్రోలు రెండూ చాలా తక్కువ. అక్కడ చిన్న తప్పు కూడా వణుకుగా బయటికి వస్తుంది.

ఏడు రోజుల రాతలో మూడు సంగతులు తేలినాయి. ఒకటి, పొద్దున చల్లటి ఇంజను పట్టినప్పుడు వణుకు తక్కువ, వేడెక్కి ముల్లు 750కి దిగినాక జాస్తి. ఇట్లాంటి ఇంజనులో పెట్రోలు నేరుగా సిలిండరులోకి కొడుతుంది, అందువల్ల వాల్వుల మీద కార్బన్ కడుక్కుపోక పేరుకొంటుందనేది నిజమే. అయితే కార్బన్ వణుకు మామూలుగా చల్లగా ఉన్నప్పుడు జాస్తి, వేడెక్కితే తగ్గుతుంది. మాది తలకిందులు. రెండు, 1500 దాటితే వణుకు లేదు. మూడు, బానెట్ ఎత్తితే సన్నగా ఈల లాంటి శబ్దం. ఐదు రోజులు ఈ మాటే రాసి ఉన్నది.

ఆ తరువాత ప్లగ్గులు విప్పినాము. నాలుగూ ఒకే తెల్లటి రంగు. ఒక్కటే నల్లగా, తడిగా ఉంటే ఆ సిలిండరు జబ్బు అని చెప్పవచ్చు. నాలుగూ ఒకే మాట చెబితే జబ్బు నలుగురికీ పొత్తులో ఉన్న చోట ఉన్నది. ఒకటో కాయిల్‌ను మూడో దానికి, మూడోదాన్ని ఒకటో దానికి మార్చి చూసినాము. వణుకు మారలేదు, ఏ సిలిండరు వెంటా పోలేదు. దీనికి పైసా ఖర్చు లేదు.

శబ్దం దగ్గర మా తమ్ముడు వచ్చినాడు. ఆయన ముప్పై ఏళ్లు మిల్లులో ఫిట్టరు. స్పిన్నింగు మిల్లుల్లో తెగిన పోగులను గాలితో లాగుకొనే గొట్టాలు ఉంటాయి, ఎక్కడైనా సందు పడితే ఈల వేస్తాయి. ఒక సాయంకాలం కొడుకు బానెట్ ఎత్తి ఇంజను పట్టినాడు. తమ్ముడు వసారాలో కూర్చొని పేపరు చదువుతున్నట్టు ఉన్నాడు. కొంచెంసేపటికి లేచి వచ్చి, చెవి పెట్టి, మా వైపు చూసి అన్నాడు, "ఇది గాలి వదిలే శబ్దం కాదన్నా, పీల్చే శబ్దం." వారం రోజుల తరువాత కొడుకు తండ్రిని నేరుగా అడిగినాడు, "ఎక్కడి నుండి నాయనా?"

పీల్చడం అనగానే మాకు పాత రైళ్లు గుర్తుకు వచ్చినాయి. మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో చాలా రైళ్లకు వ్యాక్యూమ్ బ్రేకులే. ఇంజను గాలిని లాగేసి రైలంతా గొట్టంలో శూన్యం నిలిపితేనే బ్రేకులు విడుస్తాయి. ఇంజను దగ్గర గేజీ 53 సెంటీమీటర్లు చూపించాలి. ఒక పెట్టె కింద రబ్బరు గొట్టం చీలినా ఆ లెక్క రాదు, రైలు కదలదు. లీకు దొరకకపోతే క్యారేజీ వాళ్లు మధ్యలో గొట్టం మూసి చూసేవాళ్లు. ముందు సగంలో శూన్యం నిలిస్తే లీకు వెనక సగంలో ఉన్నట్టు. ఇట్లా సగం, సగంలో సగం చేసుకొంటూ పోయేవాళ్లు. మంచి పెట్రోలు ఇంజను ఐడ్లింగులో లోపల పట్టే శూన్యం కూడా ఇంచుమించు 45 నుండి 53 సెంటీమీటర్లే. ఇంత పెద్ద రైలుకూ ఇంత చిన్న కారుకూ లెక్క ఒకటే అని మా అబ్బాయి ఆశ్చర్యపోయినాడు.

పిల్లవాడు 1,200 రూపాయలకు స్టీరింగు కింద గుచ్చే చిన్న స్కానరు తెప్పించి ఫోనులో చూపించినాడు. రెండు కోడ్లు. పీ 0300 అంటే అక్కడక్కడా మంట తప్పుతున్నది, పీ 0171 అంటే గాలి జాస్తి, పెట్రోలు తక్కువ. దానిలోనే ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉంటుంది. గాలి లెక్క తప్పితే కంప్యూటరు ఎంత పెట్రోలు కలుపుకొంటున్నదో అది చెబుతుంది. ఐడ్లింగులో 21 శాతం కలుపుతున్నది. 2500లో 6 శాతమే.

ఇది గుమాస్తా లెక్కే. ఐడ్లింగులో మీటరు గుండా పోయే గాలి సెకనుకు 3 గ్రాములు. 21 శాతం అంటే సుమారు 0.6 గ్రాము దొంగగాలి, మీటరుకు తెలియకుండా వచ్చేది. 2500లో మీటరు గుండా పోయేది సుమారు 10 గ్రాములు. అదే 0.6 గ్రాము అక్కడ 6 శాతమే అవుతుంది. రంధ్రం మారలేదు, దాని పాలు మారింది. పెట్రోలు పంపు బలహీనమై ఉంటే ఈ అంకె వేగంతో పెరగాలి, తగ్గకూడదు. ఇంజెక్టర్లు కొనే అవసరం, తెలుగు అవసరం, అక్కడ తీరిపోయింది.

ఇక సందు ఎక్కడ? పోదనూరు దగ్గర తెలిసిన మేస్త్రి ఒకరు ఉన్నారు. నోటుబుక్కు పూర్తిగా చదివినారు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ కొలిచే కడ్డీ పైకి లాగినారు. ఈల నిలిచిపోయింది. ఆయిల్ మూత తీయబోతే లోపల నుండి గట్టిగా పట్టి లాగుతున్నది. ఇంజను కింద పుట్టే ఆవిరిని మళ్లీ లోపలికి పంపే పీసీవీ అనే డబ్బా ఒకటి పైన ఉంటుంది. దానిలో పలుచని రబ్బరు పొర ఉంటుంది. అది చిరిగింది. రూఢి చేసుకోవడానికి ఇంజను ఆపి గాలి గొట్టంలోకి పొగ పంపినారు. ఆ డబ్బా మీద సూది మొన అంత రంధ్రం నుండి పొగ లేచింది, మరెక్కడా రాలేదు.

డబ్బా 7,400 రూపాయలు. మేస్త్రి కూలి, స్కానరు అన్నీ కలిపి 11,000 దాటలేదు. మార్చినాక కోడ్లు తుడిచి వారం రోజులు చూసినాము. ఐడ్లింగులో ట్రిమ్ 3 శాతం, ముల్లు 750 దగ్గర నిలిచింది. కార్బన్ శుభ్రం ఏదో ఒక రోజు చేయాలి, ఇప్పుడు కాదు అని మేస్త్రి చెప్పినారు. మొదటి గరాజు వాళ్లను మేము దొంగలు అనము. కోడు చూసి వస్తువు మార్చడం వాళ్ల పద్ధతి. మన దగ్గర ఉన్నది ఏడు రోజుల ఓపిక, వాళ్ల దగ్గర లేనిది అదే. బ్రోకరుకు ఫోను చేసి వద్దన్నది మా తమ్ముడే.

మన కోయంబత్తూరులో జి.డి. నాయుడు గారి సంగతి పిల్లలకు మళ్లీ చెప్పాలి. 1893లో కలంగల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టినవారు. తెల్లదొర మోటారు సైకిలు చూసి, హోటలులో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్నే కొని, నడపడం కంటే ముందు విప్పి చూసి నేర్చుకొన్నారు. 1920లో బస్సు నడిపినారు. ఆయన ట్రస్టు వాళ్ల కార్ల మ్యూజియం మన ఊళ్లోనే ఉన్నది. సెలవుల్లో పిల్లలను తీసుకొని పోండి.

ఇక అడిగిన సభ్యులకు జవాబు. కొనండి, అయితే ఇట్లా కొనండి. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే పోండి. ముందే వేడి చేసి పెట్టి ఉంటే మరో రోజు రండి. పట్టినాక ఇరవై నిమిషాలు నిలిపి ముల్లు చూడండి, ఏసీ వేసి ఒకసారి, ఆపి ఒకసారి. స్కానరు పెట్టి కోడ్లే కాదు, రెడీనెస్ అనే చోట కూడా చూడండి. చాలా గడులు పూర్తి కాలేదని ఉంటే ఎవరో ఈ మధ్యనే కోడ్లు తుడిచినారనో బ్యాటరీ తీసినారనో అర్థం. ట్రిమ్ ఐడ్లింగులో ఒకసారి, 2500లో ఒకసారి రాసుకోండి. సందు వెతకడానికి వేడి ఇంజను మీద పెట్రోలు గాని కార్బ్ క్లీనరు గాని కొట్టకండి, మంట లేస్తుంది. లుంగీ, దుపట్టా ఫ్యాను దగ్గరికి రానివ్వకండి. బండి ధర కాక ఇంకో పదిహేను శాతం డబ్బు పక్కన లేకపోతే ఆ బండి మనది కాదు.

నోటుబుక్కు ఇప్పుడు తమ్ముని దగ్గర ఉన్నది. ఆదివారం సాయంకాలాలు తండ్రీ కొడుకులు బానెట్ ఎత్తుకొని నిలబడుతున్నారు, జబ్బు ఏమీ లేకపోయినా. గడులు గీసిన కాగితం కావలసినవాళ్లు గుంపులో అడగండి, ఫోటో తీసి పంపుతాము. ఎందుకు అనే గడి మాత్రం చివర నింపండి.