బావగారి మల్లెలు

ఊటీ వెళ్ళే ఉంటారు కదూ? దొడ్డబెట్ట ఎక్కి, మిరపకాయ బజ్జీ తిని, ఫొటో దిగి వచ్చేసి ఉంటారు. మొదటిసారి నేనూ అంతే. రెండోసారి మాత్రం ఊటనీరు పారే గడ్డిలో, మోకాలెత్తు కాడల చివర తెల్లపూలు కనబడి ఆగిపోయాను. "అడవి మల్లెలోయ్" అన్నాడు పక్కనున్న మా బావ. తెల్లగా ఉన్నదల్లా ఆయనకు మల్లే.

మల్లె కాదు, ఎనిమోన్. గ్రీకులో ఎనిమోస్ అంటే గాలి. గాలిపువ్వు అందాం, మనకేం! ఊటీలో కనబడేది ఎనిమోన్ రివ్యులారిస్, అంటే వాగొడ్డు గాలిపువ్వు. ఉత్తరాఖండ్ పూలలోయకు వెళ్ళినా ఇదే పలకరిస్తుంది. అక్కడికీ ఇక్కడికీ నడుమ రెండువేల కిలోమీటర్ల ఎండ, ఆ ఎండలో మనం! మంచుయుగంలో చల్లబడ్డ మైదానాల మీదుగా ఇలాంటి మొక్కలు దక్షిణానికి వచ్చి, తరవాత వేడెక్కేసరికి కొండలెక్కి అక్కడే ఉండిపోయాయని చాలామంది శాస్త్రజ్ఞుల ఊహ.

సరే, గుర్తుపట్టడం ఎలా? రంగును నమ్మకండి. హిమాలయాల్లో దీని చెల్లెలొకటి ఉంది, ఎనిమోన్ ఆబ్‌ట్యూసిలోబా. అది ఒకచోట నీలంగా, ఒకచోట తెల్లగా, మరోచోట పసుపుగా పూసి పెద్దపెద్దవాళ్ళనే తికమక పెడుతుంది. పువ్వు ముఖం వదిలేసి వీపు చూడండి. బళ్ళో చదివిన రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు గుర్తున్నాయా? బటర్‌కప్ పువ్వును తిప్పితే పసుపు రేకుల కింద ఆకుపచ్చ రక్షక పత్రాలు కనబడతాయి. గాలిపువ్వుకు అలా ఏమీ ఉండవు. మనం రేకులనుకునేవే దాని రక్షక పత్రాలు, రంగేసుకుని కూర్చున్నాయంతే! ఆకుపచ్చదనం కాస్త కిందికి, కాడ నడుమకు జారి, చుట్టూ ఆకుల పట్టెడలా ఉంటుంది. ఆ పట్టెడ కనబడితే సగం తేలినట్టే. ఇక ఊటీదానికి వీపు మీద లేత నీలిచాయ, కేసరాల కొసలు నీలం, కాయల కొసలు కొక్కేల్లా వంగి ఉంటాయి. ఆల్ప్స్ పచ్చికల్లో ఉండే దీని బంధువు పల్సటిల్లాకైతే గింజగింజకూ ఈకలాంటి తోక.

తుంచి మాత్రం చూడకండి. రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. ప్రాణాలు తీసే వసనాభిదీ, కలోంజీ అని కొట్లో అమ్మే నల్లజీలకర్రదీ, దీనిదీ ఒకే కుటుంబం. ఏ ఇంట్లోనైనా అన్ని రకాలవాళ్ళూ ఉంటారు!

పెంచుదామనీ చూశాను. కొండల్లో ఉండే స్నేహితుడొకాయన తన పెరటి గింజలు పంపితే, తడి ఇసుకలో కలిపి, డబ్బాలో పెట్టి, దోసెల పిండి పక్కన ఫ్రిజ్‌లో రెండు నెలలుంచాను. చలికాలం గడిచిందని గింజకు నమ్మకం కలిగితే గానీ మొలవదు మరి. మా ఆవిడ రెండుసార్లు ఆ డబ్బా పారేయబోయింది. ఆఖరికి ఐదు మొలిచాయి. హైదరాబాదు ఏప్రిల్ ఐదింటినీ మింగేసింది. నేరం ఎండది కాదు, నాది.

మిగిలిన గింజలు ఎడిన్‌బరోలో ఉన్న మేనకోడలికిచ్చాను. శరత్కాలంలో కుండీలో చల్లి ఆరుబయటే వదిలేయమన్నాను. మట్టి తడిగా ఉండాలి, నీళ్ళు నిలవకూడదు, చోటు కుదిరాక వేళ్ళు కదపకూడదు. వసంతంలో మొలకలొచ్చాయి. మరుసటి శీతాకాలానికి ఆకులన్నీ ఎండిపోతే, "మావయ్యా, చచ్చిపోయింది, తీసేయనా?" అని ఫోను. నిద్రపోతోందే తల్లీ, లేపకు అన్నాను.

మేలో ఫొటో వచ్చింది. పువ్వును వెనక్కి తిప్పి పట్టుకుంది, నీలిచాయ కనబడేలా. బావకు చూపించాను.

"అక్కడి మల్లెలకు నీలం కూడా వేస్తారా?" అన్నాడు.