రూప్‌నారాయణ్ ఒడ్డున శరత్ ఇల్లు

ఖరగ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కొలువుల కోసం వెళ్ళిన కుటుంబాలు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. ఆ స్టేషనులో హౌరా లోకల్ ఎక్కితే, కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ్ నది వంతెన దాటగానే దేవుల్టీ వస్తుంది. దానికి చేరువలో, సామ్తాబేడ్ గ్రామాన, ‘దేవదాసు’ కర్త శరత్‌చంద్రుని ఇల్లున్నది.

అనారోగ్యం కారణంగా 1916లో రంగూన్‌లోని గుమాస్తా కొలువు వదలి వచ్చిన శరత్, 1926లో పట్నపు సందడికి దూరంగా ఈ ఏటి ఒడ్డుకు చేరాడు. విశ్రాంతి ఎక్కడిది? ‘పథేర్ దాబీ’ నవల పుస్తకరూపం దాల్చవలసిన సంవత్సరమూ అదే! బర్మా తరహాలో కట్టిన ఆ రెండంతస్తుల ఇంటి వరండా, తోట, ఏటిగాలి ఆయనకు ఔషధాలు. ఊరి బీదలకు మాత్రం హోమియో మందులు ఆయనే ఉచితంగా ఇచ్చేవాడు.

ఆగస్టులో పుస్తకం వెలువడింది. 1927 జనవరిలో ప్రభుత్వం దానిని నిషేధించింది. 1938 జనవరి 16న శరత్ కాలేయపు క్యాన్సర్‌తో కలకత్తాలో కన్నుమూశాడు. నిషేధం తొలగినది ఆ మరుసటి ఏట. వరండా నుండి కనిపించిన నది నేడు దూరంగా జరిగిపోయింది.