అరకు దారిలో తొలి బండి

లైసెన్సు చేతికి రాగానే విశాఖ కుర్రాళ్ల చూపు అరకు మీదే. సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటేదాకా ఏ బండైనా ఒకటే. ఆ తర్వాతే ఘాట్ రోడ్డు. మలుపులో బస్సు ఎదురైతే ఎత్తులోనే ఆగాలి. కొత్తవారికి గుండె జారేది అక్కడే! రెండు పాదాలూ నేలకి ఆనాలి, ఒరిగిన బండిని నిలబెట్టగలగాలి. స్ప్లెండర్ బరువు దాదాపు 112 కిలోలు, క్లాసిక్ 350 ఏమో 195. మొదటి బండికి షోరూంలో ముందు అడగాల్సింది ఈ లెక్క. (అడిగేది మాత్రం టాప్ స్పీడే.)

ఇద్దరెక్కితే 100 సీసీ ఇంజిన్ అనంతగిరి కాఫీ తోటలు చేరేసరికి ఆయాసపడుతుంది, నిజమే. అలాంటివారికి 125 సీసీ నయం. కాస్త నెమ్మదిగా ఎక్కితేనేం, గాలికొండ దగ్గర కాఫీ ఎక్కడికీ పోదు.