నిపుణుడు ఎవర్ని చూశాడు?

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోతుంటే బయటి నుంచి నిపుణుల బృందాలు దిగాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. టీవీలో రోజుకో మాట వింటూ, విషం మెదడుకెక్కిందని తేల్చడం ఎంత కష్టమో తెలుసుకుందామని మినమాతా చరిత్ర పట్టుకున్నాను. అప్పట్నించీ ఏ నిపుణుడి నివేదిక చేతికొచ్చినా ముందు చూసేది ఆయన హోదా కాదు, ఆయన ఎవర్ని పరీక్షించాడన్నది.

మినమాతా జపాన్‌లోని క్యూషూ దీవిలో ఓ సముద్రతీరపు ఊరు. అక్కడి చిస్సో రసాయన కర్మాగారానికి సొంత ఆసుపత్రి ఉండేది. 1956 మే 1న ఆ ఆసుపత్రి నుంచే, అంతుపట్టని మెదడు జబ్బు వస్తోందని ఆరోగ్య కేంద్రానికి కబురు వెళ్లింది. పిల్లలకు కాళ్లు తూలుతున్నాయి, మాట ముద్దయిపోతోంది. ఊళ్లో పిల్లులు గిర్రున తిరిగి చచ్చిపోతున్నాయి. కుమమోతో విశ్వవిద్యాలయం వైద్యులు మాంగనీసు అన్నారు, సెలీనియం అన్నారు, థాలియం అన్నారు. వాళ్లనీ తప్పుపట్టలేం. కాలువలో ఏం వదులుతోందో కర్మాగారం చెప్తేగా!

1958లో డగ్లస్ మెకాల్పైన్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టు వచ్చి రోగుల్ని స్వయంగా పరీక్షించాడు. చూపు అంచుల నుంచి కుంచించుకుపోవడం, నడక తప్పడం, మాట తడబడటం. ఈ మూడూ కలిసి కనబడేసరికి ఆయనకు 1940 నాటి వ్యాసం ఒకటి గుర్తొచ్చింది. ఇంగ్లండులో విత్తనాలకు పట్టించే మిథైల్ మెర్క్యురీ మందు తయారీలో పనిచేసిన నలుగురి గురించి హంటర్, బాంఫర్డ్, రస్సెల్ రాసింది. పోలిక ఉందని ఆయన ‘లాన్సెట్’లో రాశాడు. మరుసటి ఏడు జూలైలో కుమమోతో బృందం, జనం తిన్న చేపల్లోని సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించింది. బయటి మనిషిని పిలిపించుకోవడంలో లాభం ఇదే. ఎక్కడో నలుగురికి జరిగినది ఇక్కడి వందమందికి అక్కరకొస్తుంది.

బయటి నుంచి ఇంకో రకం వాళ్లూ వచ్చారు. చేపల్లోని అమైన్లే విషమని టోక్యో ప్రొఫెసర్ ఒకాయన, యుద్ధకాలపు బాంబులు సముద్రంలో కుళ్లుతున్నాయని రసాయన పరిశ్రమల సంఘం పెద్ద ఒకాయన. వాళ్ల మాటలు నిలవలేదు గానీ, కర్మాగారానికి కావలసిన వ్యవధి మాత్రం దొరికింది.

హొసొకావా హజిమే సంగతే నాకు మింగుడుపడదు. ఆయన ఆ కర్మాగారం ఆసుపత్రికే పెద్ద డాక్టరు. ఎసిటాల్డిహైడ్ తయారీ నుంచి వచ్చే వ్యర్థజలాన్ని తిండిలో కలిపి ఓ పిల్లికి పెట్టాడు. దాని నంబరు 400. 1959 అక్టోబరులో దానికీ అదే జబ్బు దిగింది. యాజమాన్యం ఇక చాలు అంది, ఆయన నోరు మూసుకున్నాడు. 1970లో క్యాన్సర్‌తో మంచంపట్టి, ఆ మంచం మీది నుంచే కోర్టుకు సాక్ష్యం చెప్పాడు. అప్పటికి ఆ తయారీ ఆగి రెండేళ్లయింది. అంతమంది నిపుణుల్లో నిజం అందరికన్నా దగ్గరగా చూసినవాడు ఆయనే!

1961లో హరదా మసజుమి అనే కుర్ర డాక్టరు ఓ ఇంటికి వెళ్లాడు. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరివీ ఒకే లక్షణాలు. పెద్దవాడిది మినమాతా జబ్బేగానీ చిన్నవాడిది పుట్టుకతో వచ్చిన పక్షవాతమని డాక్టర్లు చెప్పారట, వాడు చేపలు తినలేదు గనక. తల్లి ఒప్పుకోలేదు. చేపలు నేను తిన్నాను, నా కడుపులోని విషం వాడికి పోయింది అంది. విషాన్ని మాయ అడ్డుకుంటుందని అప్పటి పాఠ్యపుస్తకాల మాట. హరదా పుస్తకాన్ని పక్కనపెట్టి, అలాంటి పిల్లలున్న ఇళ్లు తిరిగాడు. 1962లో 16 మంది పిల్లలకు పుట్టుకతోనే ఆ జబ్బు వచ్చిందని గుర్తించారు. బిడ్డ బొడ్డుపేగును ఎండబెట్టి పెట్టెలో దాచుకోవడం అక్కడి ఆచారం. హరదా వాటినీ అడిగి తెచ్చి పరీక్ష చేయిస్తే మిథైల్ మెర్క్యురీ బయటపడింది. ఆ తల్లి ఏళ్ల కిందటే చెప్పింది అదే.