చాయ్‌పత్తను కూడా బియ్యం లెక్క చూసి కొనాలె



ఇయ్యాల వరి గురించి కాదు, యూరియా గురించి కాదు, చాయ్ గురించి రాస్తున్న. చాయ్ కూడా ఎక్కడనో ఒక రైతు పండించిన పంటనే గదా, అందుకే మన పేజీల దానికి జాగ ఉంటదనుకుంటున్న.

బియ్యం కొనేటప్పుడు మనం ఎట్ల చూస్తం? గుప్పెడు అరచేతిల పోసుకుంటం. నూక ఎంత ఉన్నదో చూస్తం. నాలుగు గింజలు నోట్ల వేసుకొని కొరుకుతం. వడ్ల కుప్పల చెయ్యి పెట్టి తేమ ఎంతున్నదో చెప్పేటోళ్లం మనం. అసొంటి మనమే, దినాం మూడు నాలుగు సార్లు తాగే చాయ్‌పత్తను మాత్రం ప్యాకెట్ మీది బొమ్మ చూసి కొంటం.

మా ఇంట్ల ఈ ముచ్చట ఎందుకు వచ్చిందంటే, పోయిన ఏడాది మా ఇంటామెకు షుగర్ ఉన్నదని తేలింది. డాక్టరు చక్కెర బంద్ పెట్టమన్నడు. అన్నం తగ్గించింది, రాత్రికి జొన్నరొట్టె తింటున్నది. చాయ్ కాడనే కష్టమైంది. చక్కెర లేని చాయ్ ఒక్క గుటక తాగి పక్కకు పెట్టింది. "ఇది చాయా, కషాయమా?" అన్నది. ముప్పై ఏండ్ల నుంచి తెల్లారకముందే లేచి, పేడ తీసి, బర్రెను పిండి, ఇగ అప్పుడు గడపల కూసొని చాయ్ తాగుతది. దినమంతల ఆమెకు తనదనేది ఆ పది నిమిషాలే. అది కూడా పోతే ఎట్ల? చక్కెర లేకున్నా తాగబుద్ధయ్యే చాయ్‌పత్త ఏదన్న ఉన్నదా అని వెతుకుడు షురూ చేసినం.

వెతికితే తెలిసింది, చాయ్ చెట్టు ఒక్కటే. గ్రీన్ టీ అయినా, నల్ల టీ అయినా ఆ చెట్టు ఆకే. కోసినంక చేసే పనిని బట్టి పేరు మారుతది. కోసిన ఆకును తొందరగ వేడి చేసి ఆరబెడితే పచ్చగనే ఉంటది, అది గ్రీన్ టీ. వాడబెట్టి, నలిపి, గాలికి ఉంచితే రంగు మారుతది. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడ్డట్టే. మనం పాలల్ల వేసుకునేది ఈ నల్ల టీనే.

నలుపుడుల మళ్ల రెండు రకాలు. ఆకును మెల్లగ చుట్టి నలిపేది పాత పద్ధతి, ఆర్థొడాక్స్ అంటరు. ఇంకోటి సీటీసీ. పండ్లున్న రోలర్ల నడుమ ఆకును నలిపి, చింపి, సన్న గోళీల లెక్క చేస్తరు. ఈ మిషను 1930లల్ల అస్సాంల వచ్చింది. పాలు పోసి మరిగించే చాయ్‌కి రంగు తొందరగ దిగాలె గాబట్టి మన దేశంల ఎక్కువగ సీటీసీనే తయారైతది. ఆఖరుకు జల్లెడ పడతరు. పెద్ద ఆకు, విరిగిన ఆకు, ఫ్యానింగ్స్, అన్నిటికంటే సన్నది డస్టు. రైసు మిల్లుల బియ్యం, నూక వేరు చేసినట్టే. డస్టు అంటే ఊడ్చిన చెత్త అని కొందరంటరు, అది నిజం కాదు. ఉప్మాకు నూక ఎట్లనో, మరిగించే చాయ్‌కి డస్టు అట్ల. కాకపోతే అది పాలు, చక్కెర అడుగుతది. అవి తీసేస్తే వగరు మిగుల్తది. మా ఇంటామె తాగలేకపోయింది ఆ వగరునే.

మా అక్క కొడుకు జోర్హాట్ దిక్కు ఉద్యోగం చేస్తడు, వచ్చేటప్పుడు అస్సాం ఆకు తెచ్చిండు. మా వాడకట్టు పిల్లగాండ్లు ఊటీ పోయినప్పుడు కూనూర్ల నీలగిరి ఆకు కొనుక్కొచ్చిండ్రు. డార్జిలింగ్ ఆకు, గ్రీన్ టీ హైదరాబాద్ నుంచి మా బిడ్డ పంపింది. అన్నీ ఆకు రకాలే, పొడి కాదు.

రుచి పరీక్షకు ఒక అంతర్జాతీయ కొలత ఉన్నది, ఐఎస్ఓ 3103 అంటరు. 100 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లకు 2 గ్రాముల ఆకు, మూత పెట్టి 6 నిమిషాలు. అట్ల చేస్తే మస్తు కడక్ అయితది గని ఆకుల మంచీ చెడూ రెండూ బయటపడతయి. రుచి చూసే ఉద్యోగులు చెంచతోని జుర్రుమని గుంజుతరట, వాసన ముక్కుకెక్కాలని. మన ముసలోళ్లు సాసర్ల పోసుకొని చేసేది అదే పని! మేము తాగనీకే గాబట్టి కప్పుకు ఒక చెంచ ఆకు వేసి, 3 నిమిషాలు ఉంచి వడపోసినం. ఒకటి గుర్తుంచుకోవాలె. ఆకును పొయ్యి మీద మరిగించొద్దు. నీళ్లు మరిగినంక దించి ఆకు వెయ్యాలె, మూత పెట్టాలె.

అస్సాం ఆకు ఎర్రగ, చిక్కగ దిగింది. వేయించిన జొన్నల వాసన వచ్చింది. డార్జిలింగ్‌ది లేత రంగు, పూల వాసన. నాకు నచ్చింది గని మా ఇంటామె "గిన్ని పైసలు పెట్టి వేడినీళ్లు తాగుడా?" అన్నది. గ్రీన్ టీ మీద మసిలే నీళ్లు పోస్తే చేదు. నీళ్లు దించి, మూత తీసి, ఐదు నిమిషాలు ఆగి పోసి, రెండు నిమిషాలకే వడపోస్తే చేదు తగ్గింది. నీలగిరి ఆకు తేటగ ఉన్నది, వగరు తక్కువ, నిమ్మతొక్క వాసన. చక్కెర అడగకుండ కప్పు ఖాళీ చేసింది. ఆ రోజు నుంచి పగటి చాయ్ అదే.

పొద్దటి చాయ్‌కి మాత్రం పాలు కావాలన్నది. హైదరాబాద్ ఇరానీ హోటళ్లల్ల డికాషన్ వేరే, పాలు వేరే కాగబెట్టి కప్పుల కలుపుతరు గదా, అట్ల చేసినం. అస్సాం ఆకు డికాషన్, పైన కొంచెం వేడి పాలు. పాలల్ల ఉండే తీపి నాలుకకు తెలుస్తున్నది. నెల రోజులల్ల అలవాటైంది.

నీళ్లు కూడా చూసుకోవాలె. మా బోరు నీళ్లతోని చేస్తే పైన నూనె లెక్క పొర తేలింది, రంగు మబ్బుగ అయింది. ఫిల్టరు నీళ్లతోని అదే ఆకు తేటగ వచ్చింది. గిన్నెకు తెల్ల పొర కట్టే నీళ్లయితే ఎంత మంచి ఆకు తెచ్చినా దండుగే.

ఇగ ఖర్చు. డస్టు కిలో 400 అనుకుంటే కప్పుకు 3 గ్రాములు, రూపాయి 20 పైసలు. 100 మిల్లీలీటర్ల పాలు 5 రూపాయలు. చక్కెర 45 పైసలు. మొత్తం 6 రూపాయల 65 పైసలు. నీలగిరి ఆకు కిలో 1,200 పడ్డది. కప్పుకు 2 గ్రాములు, 2 రూపాయల 40 పైసలు. అదే ఆకు మీద రెండోసారి కూడా నీళ్లు పోసుకోవచ్చు. దినాం నాలుగు కప్పులు ఇట్ల తాగితే 400 మిల్లీలీటర్ల పాలు డెయిరీ క్యాన్ల పడతయి. అయితే నాట్లకు వచ్చినోళ్లకు ఈ నీళ్ల చాయ్ పోయకున్రి, మడిలకెళ్లి లేచిపోతరు. వాళ్ల కష్టానికి పాలు, చక్కెర ఉన్న చాయే కావాలె.

విడి చాయ్‌పత్త కొంటే ఒక పరీక్ష చెయ్యున్రి. తెల్ల ఫిల్టర్ కాగితం మీద చిటికెడు పరిచి, నీళ్లు చల్లి తడపాలె. కాసేపటికి పత్త తీసేసి కాగితాన్ని నీళ్లతోని కడిగి వెలుతురుల చూడాలె. మరకలు పడితే, వాడిన పిప్పికి రంగేసి అమ్మిండ్రని అనుమానం. అయస్కాంతం తిప్పితే ఇనుప రజను ఉన్నా తెలుస్తది. ఇంకోటి, అన్నం తింటనే చాయ్ తాగితే తిండిల ఉండే ఐరన్ ఒంటికి సరిగ పట్టదు. రక్తం తక్కువున్న ఆడోళ్లు గంట ఆగి తాగితే మంచిది.

పండించేటోని సంగతి కూడా చెప్పాలె. ఇప్పుడు మన దేశంల తయారయ్యే టీల సగానికి పైన చిన్న రైతులదే. టీ బోర్డు లెక్కల 25 ఎకరాల లోపు ఉంటే చిన్న రైతు, అండ్ల ఎకరం రెండెకరాలోళ్లు కూడా ఉన్నరు. నాలుగైదు కిలోల పచ్చి ఆకుకు ఒక కిలో టీ వస్తది. కోసిన ఆకు ఆ రోజే ఫ్యాక్టరీకి పోవాలె, లేకుంటే పాడైతది. ఆపుకొని అమ్మే వీలు లేదు గాబట్టి ధర కొనేటోడే చెప్తడు. చెరుకు వేసినోళ్లకు ఈ బాధ నేను చెప్పనక్కరలేదు. తోటలల్ల కూలి చేసేటోళ్లల్ల మన తెలుగోళ్లు కూడా ఉన్నరు, బ్రిటిషోళ్ల కాలంల విశాఖ, గంజాం దిక్కు నుంచి అస్సాంకు పోయినోళ్ల పిల్లలు.

ఇది షుగర్‌కు మందని నేను అంటలేను. మా ఇంటామె గోలీలు వేసుకుంటనే ఉన్నది, పరీక్షలకు పోతనే ఉన్నది. చక్కెర పోయింది గని ఆమె చాయ్ పోలేదు, అంతే. మీ ఇంట్ల కూడా చక్కెర బంద్ అయినోళ్లు ఉంటే ఒక వంద గ్రాముల ఆకు తెచ్చి చూడున్రి. నచ్చకపోతే పోయేది నూటయాభై లోపే.